ఉప్పునీళ్ళకు దారి అడిగిన మా నాయన

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు ఫోను చేతిలో పెట్టుకుని, మైపాడు మంచిదా, కోడూరు మంచిదా, తూపిలిపాళెం మంచిదా అని ఒక్కొక్క తీరానికీ ఎవరెవరో వేసిన చుక్కలు చూసి, నేను కాఫీ చల్లార్చుకునేలోగా సముద్రాన్ని ఎంచి పారేసింది. నా ఈడువాళ్ళకు, అంటే ఇంకా నడివయసులోనే ఉన్నామని గట్టిగా నమ్మేవాళ్ళకు, ఆ వేగం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అరవైల మొదట్లో మా ఇంట్లో ఇదే సంగతి తేలడానికి నెలలు పట్టింది, అయినా తప్పే తేలింది.

నాయుడుపేటకు పడమట వరి తప్ప వేరే లోకం ఎరగని ఊరు మాది. మా నాయనకు టైఫాయిడు వచ్చి, మనిషి మంచంలో ఉన్నాడో దుప్పటి ఒక్కటే ఉందో తెలియనంతగా చిక్కిపోయినప్పుడు, మా మేనత్త, నాయనకు స్వయానా అక్క, తమ్ముడు లేచి తిరిగితే మాఘ పున్నమి నాడు సముద్రస్నానం చేస్తానని మొక్కుకుంది. నాయన లేచాడు, తిరిగాడు, పథ్యం నాటి బాకీ తీర్చుకుంటున్నట్టు పూటకు రెండు తపేలాల అన్నం తిన్నాడు. చిక్కల్లా ఒకటే, మా ఇంట్లో సముద్రాన్ని చూసిన ప్రాణి లేదు. పర్వదినం కాని రోజున దాన్ని తాకగూడదంటారు కనుక, పున్నమి తప్పితే మొక్కు ఏడాదికి వాయిదా.

ఏ సముద్రానికి పోవాలనే చర్చ వరి కుప్పల మధ్య మొదలై నూర్పిళ్ళయినా తెగలేదు. మైపాడుకు పోతే దారిలో వియ్యాలవారి ఊరుంది, అక్కడ మూడు పూటలు తినకుండా కదిలితే మూడు తరాల పగ. తూపిలిపాళెం దారిలో ఇసుకలో బండి దిగబడితే ఎద్దుల కొమ్ములు మాత్రమే పైకి కనిపిస్తాయని చెప్పుకునేవారు. మేనత్తకు వీటికన్నా పెద్ద సందేహాలుండేవి.

“దానికి కట్ట ఎంత ఎత్తుంటాదిరా? తూము తీసేది ఎవురు?”

“కట్ట లేదంటక్కా.”

“కట్ట లేకుండా నీళ్ళెట్ల నిలస్తాయిరా, నీకేమన్నా మతుండాదా?”

 చివరకు నాయన, రైలెక్కితే వియ్యంకులూ ఇసుకా రెండూ తప్పుతాయని సూళ్ళూరుపేట ఖాయం చేశాడు. పున్నమి నాడు మేనత్తనూ నన్నూ వెంటబెట్టుకుని రైలు దిగి, స్టేషను బయట బండివాణ్ణి ఆయన అడిగింది ఒకటే మాట: “ఉప్పునీళ్ళకు పోవాల, వస్తావా?” మా లెక్కలో నీళ్ళు రెండే రకాలు, వరికి పనికొచ్చేవి, పనికిరానివి. ఉప్పగా ఉన్నాయంటే అది సముద్రమే, ఇక విచారణ అక్కర్లేదు. బండివాడు కూడా అడిగినదానికే తీసుకుపోయాడు, పాపం, అతని తప్పేమీ లేదు.

నిజంగానే కంటికి ఆనినంత మేరా నీళ్ళు. నాయన దోసిటితో తీసి నాలుకకు తగిలించుకుని, గెలిచిన సేనాపతిలా తలాడించాడు. మేనత్త పసుపూ కుంకుమా నీళ్ళలో వదిలి మునగడానికి లోపలికి నడిచింది, నడిచింది, అరమైలు నడిచినా నీళ్ళు మోకాలు దాటలేదు. అంత దూరాన కాళ్ళు సన్నంగా ఉన్న పెద్ద పెద్ద పక్షులు ఆమెను చూసి కాస్త పక్కకు జరిగాయి. అప్పుడే చేపల గంపతో ఒడ్డుకొస్తున్న ఒకామె నాయన పక్కన ఆగింది.

“ఏందన్నా, ఆ యక్క చెరువులో సముద్రస్నానం అంటా ఉండాది?”

“చెరువా?”

“పులికాటు చెరువన్నా ఇది. సముద్రం అవతల, ఆ దీవి దాటాల. పడవలో పోయినా ఈ పొద్దుకు అందదు.”

నాయన ముఖంలో టైఫాయిడు మళ్ళీ వచ్చింది. అక్క మొక్కు తీరలేదు, మళ్ళీ పున్నమికి ఏడాది, అంతదాకా తన ప్రాణానికి పూచీ ఎవరు? నా భుజం మీద చెయ్యి వేసి, నోరెత్తితే చెయ్యి భుజం మీద ఉండదన్నట్టు నొక్కాడు. మేనత్త కూర్చుని తల తడుపుకుని, వెలిగిపోతూ తిరిగి వచ్చింది.

ఆ తర్వాత నాయనకు తుమ్మొచ్చినా పులికాటే గుర్తొచ్చేది. ప్రతి మాఘానికీ ఒక అడ్డం వచ్చేది, ఒకసారి కోతలు, ఒకసారి పురుడు, ఒకసారి ఎద్దు జబ్బు. ఆరో ఏట తెగించి, మూడు పూటల భోజనాలకూ సిద్ధపడి, మేనత్తను మైపాడుకు తీసుకుపోయాడు. తాటిచెట్టంత అల లేచి, గర్జించి, మా చెప్పులు తీసుకుపోయింది.

“ఇది ఇంకో సముద్రం అక్కా,” అన్నాడు నాయన, నేల చూపులు చూస్తూ. “దీంట్లో కూడా మునిగితే మంచిదంట.”

మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఆ పొద్దే తెలుసులేరా. ఆ గంపామె లోపల వలకాడ ఉన్నెప్పుడే నేనడిగినా, ఇది సముద్రం కాదనింది.”

“మరి చెప్పలేదేందక్కా?”

“జబ్బునబడి లేచినోడివి, నా మొక్కు కోసరం అంత దూరం తీసకపోతివి. ఇది కాదురా అంటే నీ మొగం చూడగలనా? మావోడు దారి తప్పినాడు తల్లీ, మళ్ళా తీసకొచ్చేదాకా వాణ్ణి ఏమనబాక అని ఆ నీళ్ళకే చెప్పుకొని మునిగినా.”

 నాయన చిన్నపిల్లవాడిలా ఆమె చెయ్యి పట్టుకుని అలల్లోకి నడిచాడు. ఇద్దరూ కలిసి మునిగారు, అల వచ్చి ఇద్దర్నీ కలిపే బోర్లా పడేసింది.

ఇప్పుడు దారి తప్పడానికి వీల్లేదు, ఏ మలుపులో తిరగాలో ఫోనే చెబుతుంది, పున్నమి కోసం ఎవరూ ఆగరు, తోచిన రోజున పోయి వెలుగుండగానే ఇంటికొస్తారు. మంచిదే. కానీ తప్పు నీళ్ళని తెలిసీ, తీసుకొచ్చినవాడి ముఖం చూసి తల ముంచే మనుషులు ఏ తీరాన దొరుకుతారో మాత్రం నాకింకా తెలియడం లేదు.