అత్త భూమికి ఏ భాషలో రాయాలి

పదహారేళ్లు మా ఇంట్లో అర్జీలన్నీ నేనే రాశాను. కరెంటు మీటరు తిరగడం లేదన్నా, నల్లా రావడం లేదన్నా, తాండూరులో మా గల్లీవాళ్లు ఏ కాగితం రాయించుకోవాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నేను తెలుగు మీడియంలో బి.ఎ. చదివాను. "గౌరవనీయులైన అధికారి గారికి" అని మొదలుపెడితే "ఇట్లు తమ విధేయురాలు" దాకా ఎక్కడా ఆగేదాన్ని కాదు. రాశాక చదివి వినిపించేదాన్ని. "మంచిగ రాసినవక్కా, సార్లకు కండ్ల నీళ్లొస్తయ్" అనేవాళ్లు. సార్ల కళ్లనీళ్లు నేనెన్నడూ చూడలేదు గానీ, ఆ మాట మీద రెండు రోజులు బతికేదాన్ని.

అట్లాంటి ఇంటికి మా మరిది పెళ్లాం వచ్చింది. తోడికోడలు, మా దగ్గర యారాలు అంటాం. వికారాబాద్‌లో ఒక మిషన్ బడి హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్ల. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. వచ్చిన నెల తిరగకముందే గ్యాసు వాళ్లతో ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడింది. నాలుగు రోజులుగా నాతో "రేపు, ఎల్లుండి" అంటున్న మనిషి ఆ సాయంత్రమే సిలిండర్ తెచ్చి దించాడు. మా అత్త ముందు సిలిండర్‌ను చూసింది, తర్వాత చిన్నకోడలిని చూసింది. పదహారేళ్లలో నన్నట్లా ఒక్కసారి కూడా చూడలేదు.

నా కడుపుమంటకు అదే మొదలు. అందంగా ఉందని కాదు, నగలున్నాయని కాదు. వాటికి నేను ఏడ్చే రకాన్ని కాను.

ఒక ఆదివారం అందరం అన్నాలు తింటున్నాం. టీవీలో భాషల గురించి లొల్లి నడుస్తోంది. యారాలు పప్పు వడ్డిస్తూ అంది.

"దేశం మొత్తానికి ఇంగ్లీషే ఆఫీసు భాష జేస్తే గీ లొల్లి ఉండదు. వాళ్లకు హిందీ గావాలె, మనకు తెలుగు గావాలె, జర అటు దాటితె కన్నడ. ఎవరిదీ గాని భాషైతే అందరికీ సమానమే గదా."

"ఎవరిదీ గాదా? నీది గాదా?" అన్నాను.

"నాది గూడ గాదక్కా. నేర్సుకున్న."

"నేర్సుకోమని మీ నాయిన హాస్టల్ల ఏసిండు. మా నాయిన కందిచేన్ల ఏసిండు."

మా మరిది తల వంచుకుని పళ్లెంలోకి చూశాడు. మా అత్త మాత్రం ఊరుకోలేదు. "కందిచేన్ల ఏసినా నీకు నోరు మస్తుగనే మొలిసింది గదా పెద్దపిల్లా" అంది. మా ఆయన పొలమారేదాకా నవ్వాడు.

ఆ రోజు గంటసేపు వాదించాను. ఆఫీసు ఉన్నది జనం కోసమైతే అక్కడ జనం భాషే ఉండాలన్నాను. తనకు తెలియని భాషలో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేయడమంటే కళ్లకు గుడ్డ కట్టుకుని బావి గట్టు మీద నడవడమే అన్నాను. ఆ మాటలు ఇవాళ్టికీ నమ్ముతాను. కానీ ఆ రోజు అవి నా కడుపులోని మంటలోంచే వచ్చాయి. ఎందుకంటే, తెలుగు తెలుగని అంతగా మొత్తుకున్న నేనే నా బిడ్డను ఇంగ్లీషు మీడియంలో వేశాను. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని నన్ను దాటుకుంటూ చిన్నమ్మ దగ్గరికి పోతుంది. తలుపు దగ్గర నిలబడి వాళ్లిద్దరి నవ్వులు వినడం ఎట్లా ఉంటుందో చెబితే తెలిసేది కాదు.

ఇక అత్త భూమి సంగతి. యాలాల్ దగ్గర ఆమె పుట్టిన ఊళ్లో రెండెకరాల రేగడి. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద తండ్రి రాసిచ్చాడు. యాభై ఏళ్లుగా అందులో కంది వేయించుకుంటోంది. "ఇల్లు మీ మామది, పిల్లలు మీ మామ పేరోళ్లు. నాది అనేది గా చెక్క ఒక్కటే" అంటుంది. కానీ రికార్డులో ఇంకా ఎప్పుడో చచ్చిపోయిన ఆమె తండ్రి పేరే ఉంది. ఆమె అన్న కొడుకులు ఈ మధ్య ఆ చేను గట్టు మీద ఎక్కువగా తిరుగుతున్నారని తెలిసినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

తండ్రి రాసిచ్చింది ఒక తెల్ల కాగితం. అప్పటి పట్వారీ ఉర్దూలో రాశాడు. మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ చదవరాదు. నేనే దాన్ని స్టేషన్ దగ్గర బట్టలు కుట్టే ముసలి చాచా దగ్గరికి తీసుకుపోయి చదివించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చివరిదాకా చదివి, "బిడ్డకు ఇచ్చిన అని సాఫ్‌గ ఉందమ్మా" అన్నాడు. తర్వాత కాగితం మడుస్తూ, "నా చిన్నప్పుడు ఉర్దూ రానోడు సర్కారు కచేరి మెట్టెక్కాల్నంటే భయపడుతుండె. ఇప్పుడు నా మనుమనికే ఉర్దూ చదవనీకె రాదు. మేమెంత అకడ్, ఎంత పొగరు చూపించినం, అంతా పాయె" అని నవ్వాడు. ఆ మాట యారాలుకు చెప్పాలని ఇంటికి పరుగున వచ్చాను. నీ ఇంగ్లీషు గతీ ఒకరోజు అంతేనని చెప్పాలని. ఎందుకో చెప్పలేదు.

నేను రెండు అర్జీలు రాశాను, ఒక్కోటి ఒకటిన్నర పేజీ. రెండోసారి తహసీల్ ఆఫీసులో ఇవ్వడానికి పోయినప్పుడు కంప్యూటర్ ముందున్న అబ్బాయి నన్ను విషయం ఏంటని అడిగాడు. నేను మొదలుపెట్టి పసుపు కుంకుమ దాకా వచ్చేలోపు అతను ఇంగ్లీషులో రెండు మాటలు కొట్టి రసీదు చేతికిచ్చాడు. అతన్ని అనడానికేం లేదు, నా వెనక చాంతాడంత లైనుంది. కానీ నా ఒకటిన్నర పేజీ రెండు మాటలైపోవడం కళ్లారా చూశాను. అవి "ల్యాండ్ ఇష్యూ" అని చదువుకోగలిగేంత ఇంగ్లీషు నాకుంది.

నెలలు గడిచాయి. ఒకనాడు మా అత్త నేను వింటుండగానే అంది.

"చిన్నపిల్లా, ఈసారి నువ్వు రాయి. ఇంగ్లీషుల రాయి. సిలిండర్ తెప్పించినవ్ గదా."

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. గరిటె చేతిలోంచి జారలేదు, నాటకాలేం జరగలేదు. రొట్టె మాత్రం ఒకవైపు నల్లగా మాడింది.

యారాలు నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. "అక్కా, నువ్వేమనుకోకు. అత్తమ్మ అడిగింది గదాని రాస్తున్న. కాయిదాలు ఇస్తవా?"

మా ఇంటి కాగితాలన్నీ ఒక బట్టలషాపు సంచిలో నా బీరువాలో ఉంటాయి. భూమి రికార్డుది పాత పహాణీ నకలు ఇచ్చాను, ఆధార్ ఇచ్చాను, నా రసీదులు ఇచ్చాను. ఉర్దూ కాగితం బీరువాలోనే ఉండిపోయింది.

"గివేనా అక్కా?"

"గివే," అన్నాను.

అంత చిన్న అబద్ధం. అప్పుడు నా మనసులో ఏముందో దాచకుండా చెబుతాను. ఆమె అర్జీ కూడా పనిచేయకూడదు, అంతే. అత్త భూమి పోవాలని నేననుకోలేదు. ఈ ఒక్కసారికి ఆ ఇంగ్లీషు ఓడిపోతే చాలు, తర్వాత నేనే కాగితం తీసి నడిపిస్తాననుకున్నాను.

సోమవారం పొద్దున్నే ముగ్గురం రైల్లో వికారాబాద్ పోయాం. బయలుదేరే ముందు ఆ ఉర్దూ కాగితాన్ని నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. యారాలు నీళ్లు నమిలే క్షణంలో నేను బ్యాగు తెరుస్తాను, అందరూ నావైపు తిరుగుతారు. దారి పొడుగునా ఆ దృశ్యాన్ని చూసుకుంటూ కూర్చున్నాను. మా అత్త మోకాళ్లు పట్టుకుని ఎదుటి సీట్లో కూర్చుని ఉంది.

కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే పెద్ద మేడం ఉత్తరాది మనిషి. తెలుగు నేర్చుకుంటోంది. "నమస్కారం అమ్మా, కూర్చోండి" అని అత్తకు కుర్చీ చూపించింది. యారాలు ఇచ్చిన ఒక్క పేజీని మొదటి నుంచి చివరిదాకా చదివింది. మధ్యలో పెన్నుతో ఒకచోట గీత కూడా గీసింది. నేను రాసినదాన్ని అట్లా కళ్లు ఆన్చి చదివిన ఆఫీసరును నేను చూడలేదు. నా తెలుగు వాళ్లకు నచ్చలేదా అంటే, నచ్చడానికైనా ఎవరైనా చదవాలి కదా. నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల జడ పట్టుకుని లాగాలనిపించింది.

అప్పుడు మేడం తలెత్తి, తండ్రి పేరున ఉన్న భూమి ఈమెకెట్లా వచ్చింది, ఏదైనా కాగితం ఉందా అని ఇంగ్లీషులో అడిగింది. అంతవరకు నాకూ అర్థమైంది. యారాలు తడబడింది. అత్తను చూసింది. అత్త నన్ను చూసింది.

"ఉర్దూ కాయిదం ఇచ్చినవ్ గదా పెద్దపిల్లా?"

రైల్లో చూసుకున్న క్షణం వచ్చేసింది. బ్యాగు జిప్పు తీశాను. అది ఆ గదంతా వినపడినట్టనిపించింది. కాగితం బల్ల మీద పెట్టాను. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. మా అత్త నా చేతినీ బ్యాగునూ మార్చి మార్చి చూస్తోంది.

ఇది అర్జీతో ఎందుకు జత చేయలేదని మేడం అడిగింది.

"ఐ ఫర్‌గాట్, మేడం. మై మిస్టేక్," అంది యారాలు.

ఆ నాలుగైదు మాటలకు అర్థం తెలియనంత చదువులేనిదాన్నైతే బాగుండేది.

కాగితంలో ఏముందో నేను తెలుగులో చెప్పాను. నాకు నోరెక్కడ పోతుంది, చక్కగానే చెప్పాను. ఉర్దూలో ఉన్నదాన్ని ఎవరితోనైనా తెలుగులోకి రాయించి, అన్నీ కలిపి వచ్చే సోమవారం తెమ్మంది మేడం. అంటే అత్త మోకాళ్లకు మళ్లీ అంత రైలు, మళ్లీ అన్ని మెట్లు. అది నేను పెట్టిన ఖర్చు.

తిరుగు రైల్లో శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. ఎవరో లేచి అత్తకు సీటిచ్చారు. ఆమె మోకాళ్లు రాసుకుంటూ కూర్చుంది. తర్వాత మెల్లగా, అరవకుండా అంది.

"నాకు ఉర్దూ సదవనీకె రాదు. తెలుగు రాదు. ఇంగ్లీషు రాదు. మీరిద్దరు సదివినోళ్లు. మీ ఇద్దరి నడుమ నా చెక్క పోతె నేనెవల్ని అడగాలె?"

 యారాలు అంది, "పోదత్తమ్మా. అక్క తెచ్చింది గదా కాయిదం."

ఇంటికొచ్చాక వంటింట్లో దాన్ని నిలదీశాను. తప్పు నాది, నిలదీసిందీ నేనే.

"నా తప్పు నీ మీదెందుకేసుకున్నవ్? గొప్పదానివి గావాల్ననా?"

"మేడం ముందల మనం కొట్లాడుకుంటె అత్తమ్మ కాయిదం పక్కకు పడ్తది గదక్కా. నాకు కోపం రాలే అనుకోకు. మస్తొచ్చింది. రైల్ల నిన్ను ఇంగ్లీషుల తిట్టుకున్న, నీకు తెల్వదని."

"గట్టిగ తిట్టకపోయినవ్? కొన్ని తెలుస్తయ్."

ఆమె నవ్వింది. నాకూ వచ్చింది గానీ ఆపుకున్నాను. ఇంగ్లీషొక్కటే ఉందనుకున్నాను, దీనికి ఈ గుణం కూడా ఉందా అనుకున్నాను.

ఆ వారం అత్త ఒక షరతు పెట్టింది. ఏ భాషలో రాసినా మొత్తం చదివి చెబితే తప్ప వేలిముద్ర వేయనంది. చాచా చదువుతుంటే నేను తెలుగులో రాసి, ఆయన దస్కతు తీసుకున్నాను. అర్జీ ముందు నేను తెలుగులో రాశాను. దాన్ని యారాలు ఇంగ్లీషు చేసి, మళ్లీ తెలుగులో అత్తకు ఒక్కో ముక్క చెప్పింది. "ఇన్ని నెలల్ల మనం తిరిగినన్ని సార్లు ఎందుకు రాయలే?" అని అత్త ఇద్దరినీ తిట్టింది. మళ్లీ రాశాం. చివరికి పిన్ను కొట్టేటప్పుడు ఏది పైన ఉండాలన్న మాట వచ్చింది. యారాలు ఏమీ అనకుండా రెండింటినీ నా చేతికిచ్చింది. నేనే ఇంగ్లీషు కాగితాన్ని పైన పెట్టి కొట్టాను. పిన్ను నా గుండెలో దిగినట్టే ఉంది. కానీ ఆ భూమి నా పంతం కంటే పాతది.

విచారణకు వచ్చినవాళ్లు చేను గట్టు మీద నిలబడి పక్క రైతులను తెలుగులోనే అడిగారు, తెలుగులోనే రాసుకున్నారు. అన్న కొడుకులు కూడా "అత్తదే" అన్నారు, నలుగురి ముందు ఇంకోమాట అనలేక. వేలిముద్ర వేసేముందు మా అత్త ఆ ఆఫీసరునూ చదవమంది. ఆయన చదివాడు.

ఇప్పుడెవరైనా దేశానికి ఇంగ్లీషొక్కటే ఆఫీసు భాష కావాలా అంటే, వద్దనే అంటాను. ఇంగ్లీషు ఉండనీ, దాని పక్కన మా అత్తకు చదివి వినిపించగల భాష తప్పకుండా ఉండాలంటాను. ఇందులో న్యాయమెంతో, నా కుళ్లెంతో వేరుచేసి చూపించమంటే మాత్రం నా వల్ల కాదు.

కంది పూతకొచ్చిన రోజుల్లో ఆర్డరు వచ్చింది. ఒక్క పేజీ, మొత్తం ఇంగ్లీషు. మేమిద్దరం అక్కడే ఉన్నాం. మా అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చిన్నకోడలికిచ్చింది. ఆమె చదివి, "నీ పేరు మీదికి ఎక్కిందత్తమ్మా" అంది. ముసలామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక దాన్ని సంచిలో పెట్టబోతూ కిటికీ దగ్గర కూర్చున్నాను. వేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివాను. చాలాసేపు పట్టింది. రెండు మాటలు తప్ప అంతా అర్థమైంది. ఆ రెండూ ఎవరినీ అడగలేదు.