టార్చి ఉన్న ఆట, వంచి ఆడే ఆట

వేంపల్లెలో మా నాయన ఎలక్ట్రికల్ దుకాణంలో, మిక్సీలకూ స్టెబిలైజర్లకూ మధ్య ఒక అద్దాల అర ఉంది. దాన్ని నాకు వదిలేయమని అడగడానికి నాకు ఒక వేసవి పట్టింది. డిగ్రీ అయ్యాక నేను వెనక గదిలో కూర్చుని బిల్లులు వేసేదాన్ని. అక్కడ పుస్తకం చదువుకోవచ్చు, మనుషులతో మాట్లాడక్కర్లేదు. అయినా ఆ ఒక్క అరలో ఏ సరుకు ఉండాలో నేనే నిర్ణయించాలని కోరిక.

పిల్లల చేతికి ఫోన్ ఇస్తే తిరిగి రావడం లేదని తల్లులు వాపోతున్నారు. అందుకని చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషన్లు తెప్పించాలనుకున్నాడు నాయన.

"నేనొక రకం, నువ్వొక రకం తెప్పిచ్చుదాం. దర్గా ఉరుసు లోపల నీది అమ్ముడుబోతే అర నీది. లేకుంటే ఆడ గ్యాస్ పొయ్యిలు పెడతా," అన్నాడు.

నాయన తెప్పించినదాంట్లో లెక్కలేనన్ని ఆటలు, టార్చి, రేడియో, దోమల్ని తరిమే శబ్దం ఉన్నాయి. దోమలు వెళ్లిపోవడం మేమెవరమూ చూడలేదు. నేను ఎంచుకున్నదాంట్లో ఒకటే ఆట. మిషన్‌ను ఎటు వంచితే తెర మీది గోలీ అటు దొర్లుతుంది, దాన్ని గుంతల్లో పడకుండా ఇంటికి చేర్చాలి.

"దీనికి బటన్లు గూడా లేవే," అని నాయన పెట్టెను తిప్పి తిప్పి చూశాడు.

మా దుకాణంలో సీలు విప్పడం నిషిద్ధం. కొనేవాళ్లు ముందు సీలు మీద గోరు ఆనించి చూస్తారు. కాస్త లేచి ఉంటే వాడిన సరుకంటారు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకే ఇంకా కంపెనీ కవరు ఉంది. నాయన మిషన్ గొప్పలన్నీ పెట్టె మీదే బొమ్మలతో సహా అచ్చయి ఉన్నాయి. నా పెట్టె మీద ఒక గోలీ ఉంది. మిగతాది నేను నోటితో చెప్పాలి.

మొదటి బేరం ఒక చీనీకాయల తోట రైతుది. ఫ్యూజు కోసం వచ్చాడు.

"ఇదేంది శెట్టీ?"

"గేమప్పా. టార్చి ఉండాది, రేడియో ఉండాది."

"టార్చి ఎంత దూరం పడతాది?"

"మోటారు కాడికి పడతాది."

"మా ఇంట్లో పిల్లోళ్లు లేరే."

"టార్చికి పిల్లోళ్లు యాలప్పా?"

ఆయన కొన్నాడు. పోతూ పోతూ నా పెట్టె చూపించి, "ఇదో?" అన్నాడు. నాయన నా వైపు చూశాడు.

"అది... వంచితే..." అన్నాను.

"వంచితే ఏమైతాది పాపా?"

"దొర్లుతాది."

ఆయన మర్యాదగా తల ఊపి వెళ్లిపోయాడు. నా తరఫున వాదించేవాళ్లు ఎవరూ లేరు, నాతో సహా, అని డైరీలో రాసుకున్నాను.

ఉరుసు దగ్గర పడినా నా పెట్టెలు కదల్లేదు. ఒకరోజు నాయన భోజనానికి వెళ్లినప్పుడు ఒక సీలు కోసేసి, దుకాణం ముందరి స్టూలు మీద కూర్చుని ఆడటం మొదలుపెట్టాను. తల వంచుకుని ఉంటే ఎవరూ పలకరించరు, అదొక లాభం. కాసేపటికి నా మీద నీడ పడింది. ఆ రైతు భార్య, చార్జర్ వైరు కోసం వచ్చింది.

"ఎడమకు వంచమ్మీ! ఎడమకు! అయ్యో, గుంతలో పడిపాయె. ఇట్లియ్యి, నేను జూస్తా."

ఇచ్చాను. గోలీతో పాటు ఆమె కూడా ఒరిగింది. బల్బుల కోసం నిలబడ్డ ఇద్దరు ఆమెతో పాటు ఒరిగారు. నాయన అప్పుడే వచ్చి గుమ్మంలో ఆగాడు. కోసిన సీలు చూశాడు, ఒరిగిన మనుషుల్ని చూశాడు. ఆయన భుజం కూడా కొంచెం ఒరిగింది. వెంటనే వంగి చెప్పులు విప్పుకున్నాడు.

"దీనికి టార్చి ఉండాదా?" అని ఆమె అడిగింది.

"లేదు."

"పోనీలే, మా ఆయన కాడ ఉండాది. ఒకటియ్యి, పిల్లోళ్లకు."

వాళ్లింట్లో పిల్లలు లేరని నాకు తెలుసు. బిల్లు వేశాను.

ఉరుసు నాటికి రెండు రకాలూ అయిపోయాయి. టార్చిది మోటార్లున్నవాళ్లు కొన్నారు, నాది ఒరిగి చూసినవాళ్లు కొన్నారు. నాయన అర తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"స్టూలు మాత్రం ఈడ్నే ఉండాల. నా సరుకు పెట్టె మీది రాతకే పోతాది. నీది పోవాలంటే నువ్వు ఊగాల."

ఇప్పుడు బజారంతా చూస్తుండగా నేను ముందు కూర్చుని ఊగుతున్నాను. నా పుస్తకం వెనక గదిలో బోర్లా పడి ఉంది. కొత్త సరుకు నేనే ఎంచుకున్నాను. కదలకుండా కూర్చుని ఆడవచ్చా అన్నదే ముందుగా చూశాను.