పరమేష్ రాసిన అపాయం

దేవరకొండలో బోర్డులు రాసే పరమేష్ చేయి మంచిది, మనిషే మంచివాడు కాదు. పదేళ్లుగా అతని పక్కనే సైకిల్ షాపు నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

జనమంతా ఫ్లెక్సీల వైపు పోయాక అతనికి మిగిలింది ఒకటే మాట, అపాయం. ట్రాన్స్‌ఫార్మర్లకూ క్వారీలకూ పాడుబడ్డ బావులకూ ఎర్రరంగుతో అదే రాసేవాడు. మా వైపు ఆ మాట ఎవరి నోటా రాదు. చేనుకు పోయే మొగుడికైనా, బస్సెక్కే బిడ్డకైనా జాగ్రత్త చెప్పాలంటే 'పైలం' అంటాం. అపాయం రేకు మీదే ఉంటుంది.

కిందటి వానాకాలం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి రైతు భిక్షం చచ్చిపోయాడు. "లైన్ బంద్ చేసిన, నువ్వే ఏస్కో" అని లైన్‌మన్ అమరేందరే ఫోన్‌లో చెప్పాడు. బంద్ చేయనే లేదు. అక్కడ బోర్డు లేదు, కంచె లేదు. విచారణకు కరెంటాఫీసు సారు వస్తున్నాడని తెలిసి అమరేందర్ పరమేష్ దగ్గరికి ఉరికొచ్చాడు.

"పాతదాని లెక్క ఒక బోర్డు రాయే అన్నా. బోర్డున్నా ముట్టిండంటే తప్పు ఆనిదే అయితది. నా నౌకరీ దక్కుతది."

పరమేష్ రాశాడు. నా దగ్గరే గరుకు కాగితం తీసుకుని రంగు గీకాడు, ఉప్పునీళ్లు చల్లి ఎండలో పెట్టాడు. తుప్పు ఎంత ముద్దుగా పట్టిందో, వాడి చేతులు విరగ!

భిక్షం పోయిన అయిదో రోజు పరమేషూ అమరేందరూ బోర్డు బిగిస్తుంటే, మొగుడు పడ్డ చోట పిట్టకు ముద్ద పెట్టడానికి నర్సింగమ్మ వచ్చింది.

"గిదేంది పరమేషూ?"

"ఎవ్వలూ ముట్టకుండ, అక్కా."

"మంచిపని జేస్తున్నరు. ఇంకొకని పెండ్లాం గిట్ల ఏడ్వొద్దు."

రేకు వంకర పోతుంటే తనే రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. నిచ్చెన మీదున్న పరమేష్‌తో "పైలం తమ్మీ, కరంటుంటది" అంది. ఆ సాయంత్రం ఈ ముచ్చట అతనే నాకు నవ్వుతూ చెప్పాడు.

విచారణ రోజు సారు తుప్పు మీద వేలు పెట్టి చూశాడు. "బోర్డు ఉన్నది కదమ్మా. ఆయనే చూసుకోవాలె."

నర్సింగమ్మ గుండెలు బాదుకుంది. "లేకుండె సారూ! ఆయన పోయినంక పెట్టిండ్రు. గీ చేతులతోని నేనే పట్టుకున్న! పరమేషూ, నా పెనిమిటి తప్పు లేదని ఒక్క మాట జెప్పు తమ్మీ!"

పరమేష్ అమరేందర్ వైపు చూశాడు. అతనికొచ్చే బోర్డుల పనంతా అమరేందర్ ఇప్పించేదే.

"పాతదే సారూ. మూడేండ్ల కింద రాసిన."

పరమేష్ బండి మీద వచ్చి నేనూ అక్కడే ఉన్నాను. గరుకు కాగితం నాదేనని చెప్పడానికి నా పాడు నోరు పెగల్లేదు.

సారు రాసుకుని జీపెక్కాడు. నర్సింగమ్మ బోర్డు కిందే నిలబడిపోయింది.

"అందుల ఏం రాసినవ్ తమ్మీ?"

"అపాయం."

"అంటే?"

ఆ ఒక్క మాట రాసుకుని బతికే మనిషి, బండి తీశాడు. నేను వెనక ఎక్కాను.