అంగారకుడి మూకుళ్ళు

2004 వేసవిలో నేను విజయవాడలో నీటిపారుదల శాఖ అసిస్టెంట్ జియాలజిస్టుని. ఆనకట్టల కింద, కాలువల కింద ఏ రాయి ఉందో ఇంజనీర్లకు చెప్పడం నా పని. ఆ ఏడాది అమెరికా రోవర్ ఒకటి అంగారకుడి మీద, ఉల్క పడి ఏర్పడిన గోతిలో దిగి, అక్కడి అవక్షేప శిలల ఫోటోలు పంపింది. పొరలు పొరలుగా ఉన్న ఆ రాళ్ళను బట్టి అక్కడ ఒకప్పుడు నీళ్ళు పారాయన్నారు. నీళ్ళ సంగతి గనక అది మన శాఖదేనని మా సూపరింటెండింగ్ ఇంజనీరు (ఎస్.ఈ.) గారు తేల్చి, సిబ్బందికి ఉపన్యాసం ఇమ్మని నాకు మెమో పంపారు. నా ప్రమోషన్ ఫైలు అప్పటికే ఆయన సిఫార్సు కోసం ఆయన బల్ల మీద ఉంది. ఇక నా ఉత్సాహం చెప్పాలా?

ఇంటర్నెట్ సెంటర్లో ఒక ఫోటోని ప్రొజెక్టరుకు పెట్టే ప్లాస్టిక్ షీటు మీద ముద్ర వేయించాను. అంచున ఉన్న ఇంగ్లీషు అక్షరాలు అందంగా లేవని కత్తిరించేశాను. మిగిలిన బొమ్మలో ఆకాశం లేదు, నేల లేదు, అంతా రాయే.

సభలో బెత్తం పుచ్చుకుని చెలరేగిపోయాను. అడుగు పొర అన్నిటికన్నా పాతది, పై పొర కొత్తది, మా శాస్త్రానికి ఇదే ఓనమాలు అన్నాను. అప్పుడు వెనక వరసలో లస్కరు సాంబయ్య లేచాడు. గన్నవరం వైపు కాలువ గట్లూ తూములూ కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి.

"కాలవకి నీళ్ళు కట్టేశాక పూడిక తవ్వుతాం గదండీ. తవ్విన గోడలో ఇసక చారలు మూకుళ్ళు వెల్లకిలా పేర్చినట్టు కనపడతాయండీ. మీ బొమ్మలో మూకుళ్ళన్నీ బోర్లించున్నాయేంటండీ?"

నాకు ఒళ్ళు మండింది. అది వేరే గ్రహమనీ, ఇక్కడి లెక్కలు అక్కడ కుదరవనీ దబాయించాను. అయితే అక్కడ నీళ్ళు చూరు పట్టుకుని పారతాయా అని సాంబయ్య మర్యాదగానే అడిగాడు. హాలంతా నవ్వింది. ఎస్.ఈ. గారు మాత్రం నవ్వలేదు. షీటు తిప్పి పెట్టమన్నారు.

తిప్పాను. మూకుళ్ళన్నీ బుద్ధిగా వెల్లకిలా పడ్డాయి. అరగంట నుంచి మనవరాలిని చూపించి నాయనమ్మ అంటున్నానన్నమాట. ప్రమోషన్ మీద ఆశ వదులుకుని, తప్పు నాదేనని చెప్పి, ఉపన్యాసం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

ఎస్.ఈ. గారు సిఫార్సు రాశారు. కాకపోతే సంతకం పెట్టే ముందు నన్ను మూడు రోజులు సాంబయ్య వెంట ఎండిన కాలువలో నడిపించారు.

రాయి వయసు చెప్పబోయే ముందు దాని పై వైపు ఏదో తేల్చుకోవాలి. అది మొదలు రిటైరయ్యేదాకా ప్రతి షీటు మీదా పైకి బాణం గుర్తు వేశాను. సాంబయ్య ఉన్నన్నాళ్ళూ ఆ బాణాన్ని ఆయనకు చూపించాకే ప్రొజెక్టరు వెలిగించాను.