నీలం గీత లోపలి మినుము చేను

ఇంటికొచ్చి మొహం కడుక్కున్నా సిగ్గు పోలేదు, అందుకే రాస్తున్నాను.

ఈ రోజు తమిళనాడులో కళుగుమలై దగ్గర ఒక సాగునీటి చెరువుకు వెళ్ళాను. గట్టు ఎత్తు పెంచడం లాభమా కాదా తేల్చడం నా ఉద్యోగం. ఉపగ్రహ మ్యాప్ ప్రకారం లాభమే, కింది ఊళ్ళకు రెండో పంటకూ నీళ్ళందుతాయి. కాకపోతే, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపే నీలం గీత లోపల ఒక మినుము చేను పడింది.

ఆ చేనుగల ముసలి దంపతులతో నేను తమిళంలోనే మాట్లాడాను. వాళ్ళు తమలో తాము తెలుగు మాట్లాడుకుంటున్నారు. మా ఇంట్లోనూ అదే తెలుగు. ఆ సంగతి తెలిస్తే ఏ ఊరు, ఎవరి బిడ్డవంటూ చుట్టరికం కలిపేస్తారు, ఆపైన చేను గురించి చెప్పడం కష్టమని దాచేశాను.

"సేను మునుగుతాదా అని ఆ బిడ్డను అడుగు" అన్నాడు పెద్దాయన భార్యతో.

"ఉండయ్యా, ఎండలో వచ్చిండాది. ముందు చల్ల తాగనీ" అందామె.

సగం తాగానో లేదో అమ్మ ఫోన్ చేసింది. తమిళంలో బదులిచ్చాను. "నాతో ఏంటికే అరవం మాట్లాడతావు?" అని అమ్మ తెలుగులో అరిచిన అరుపు వాళ్ళిద్దరికీ వినిపించింది.

పెద్దామె నన్ను ఒక్క క్షణం చూసింది. చెంబులో మిగిలిన చల్ల కూడా నా గ్లాసులో పోసి, "తాగు బిడ్డా. ఇప్పుడు చెప్పు, మునుగుతాదా?" అంది.

మునుగుతుందని చెప్పాను. అప్పుడు కూడా తమిళంలోనే.

మీరైతే ఏ భాషలో చెప్పేవారు?