సమాధి నగల మేడమ్

మా మేడమ్ పోయారని ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను మ్యూజియంలో గాజు పెట్టె తుడుస్తున్నాను. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. పాత వస్తువులను ఎలా శుభ్రం చేయాలో, ఎలా కాపాడాలో నాకు నేర్పింది ఆమే. రిటైరయ్యాక నగర శివారు కాడుగోడిలో కొడుకు దగ్గర ఉండేవారు. పుట్టి పెరిగింది నగరం నడిబొడ్డున, పాత కాటన్‌పేటలో. రిపోర్టు ఇంగ్లీషులో రాసినా తిట్టడానికి మాత్రం ఆ పేట తెలుగే వాడేవారు. ఆ తెలుగు అందరికంటే ఎక్కువ నాకే దక్కింది, అందుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

చాలా ఏళ్ల కిందట దక్షిణ అమెరికా నుంచి, ఆండీస్ కొండల్లోని పురాతన సమాధుల నగలు మా మ్యూజియానికి ప్రదర్శనకు వచ్చాయి. మీలో ఎవరైనా చూసి ఉంటే ఆ పలక గుర్తుండే ఉంటుంది. ముక్కుకు తగిలిస్తే నోటిని కూడా కప్పేసేంత పెద్దది, రాగి మీద బంగారు పూత. నేను దాని పనితనం చూసి మురిసిపోతుంటే మేడమ్ దాన్ని మెల్లగా వెనక్కి తిప్పారు. శవానికి చుట్టిన బట్ట నేత అక్కడ చిలుములో అచ్చుపడి ఉంది.

“ఇదీ చూడప్పా. ఎంత బాగా కప్పి పంపించినారో. ఈ బంగారు లేకుంటే ఆయమ్మను మట్టిలోనుంచి ఎవురూ లేపేవాళ్లు కాదు,” అన్నారు.

అది ఆడమనిషిదో మగమనిషిదో ఎవరికీ తెలియదు. మేడమ్‌కు మాత్రం ఆయమ్మే. సాయంత్రం జనం వెళ్లిపోగానే ఆ పెట్టె మీద తెల్ల గుడ్డ కప్పేవారు. వెలుతురు తగిలితే నగ పాడవుతుందా అని ఒకసారి అడిగాను.

“బంగారానికి వెలుతురేం చేస్తాదప్పా. పొద్దంతా చూసినారు కదా, ఇంక చాలు.”

నగలు తిరిగి పంపడానికి సర్దుతున్న రోజున చేతి తొడుగులు తీస్తూ నాతో అన్నారు: “మాది పూడ్చే ఆచారం. నా ఒంటి మీద ఇంత లోహం కూడా ఉంచొద్దండి. నా కొడుక్కు చెప్పినా, నీకూ చెప్తా ఉండా. నన్ను మళ్లా ఎవురూ లేపకూడదు.” అప్పటికి ఆమెకు జబ్బేమీ లేదు. అయినా ఆ తర్వాత కలిసినప్పుడల్లా ఆ మాట గుర్తు చేసేవారు.

అంత్యక్రియలకు వెళ్లాను. గాజులు, గొలుసు, మెట్టెలు తీసి పక్కన పెట్టడం చూశాను. “అంతా తీసేశారా?” అని కొడుకును అడిగితే తల ఊపాడు. మేడమ్ ముఖమంతా పసుపు, పూలు. నాకు ఇంకేమీ కనిపించలేదు.

పూడ్చిన మూడో నాడు, పాలు పోసే రోజు మళ్లీ వెళ్లాను. గుట్టగా పోసిన మట్టి మీద పాలు పోసి, ఆమెకు ఇష్టమైన చిత్రాన్నం పెట్టి, అందరం దూరం జరిగాం. కాకి వాలింది కానీ ముట్టకుండా లేచిపోయింది. కొడుకు ముఖం మాడిపోయింది. నన్ను పక్కకు పిలిచాడు.

“ముక్కుపుడక రాలేదన్నా. మర కరుచుకుని పోయిండాది. కత్తిరిద్దామనిరి. అమ్మ ముక్కు కాడికి కటింగ్ ప్లయర్ తెస్తా ఉంటే నాకు చూసేకి కాలేదు. ఉండనీండి అంటి.”

ప్రేమతోనే చేశాడు. ఆ కొండల్లో ఆ పలక పెట్టినవాళ్లూ ప్రేమతోనే పెట్టి ఉంటారు.

“ఇప్పుడు తీయాలంటే ఎట్లన్నా?” అన్నాడు.

తీయాలంటే తవ్వాలి. ఇన్నేళ్లూ ఆమె వద్దంటూ వచ్చిన పని మేమే చేయాలి. అది అతనికీ తెలుసు.

గోరీ కట్టి పేరు రాయి నిలబెట్టడానికి మేస్త్రీ వచ్చి కొలతలు తీస్తున్నాడు. కొడుకు అతని దగ్గరికి వెళ్లి, “రాయి వద్దప్పా. పేరూ వద్దు. ఈడ మనిషి ఉండాదని ఎవురికీ తెలియకూడదు,” అని చెప్పి పంపేశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, గుట్టగా ఉన్న మట్టిని అరచేతులతో నేలకు సమంగా సర్దసాగాడు. నేనూ పక్కన కూర్చున్నాను. నా చేతుల కింద మట్టి ఇంకా మెత్తగానే ఉంది.