దుర్గవ్వ కట్టిన బాయి పాట

మందమర్రి కార్మికుల కాలనీలో దుర్గవ్వ నోరు ఊరికే ఉండదని అందరికీ తెలుసు. బియ్యం ఏరినా పాటే, నల్లా కింద బిందె పెట్టినా పాటే. ఆ పాటల్లో దేవతలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఏటా సద్దుల బతుకమ్మ నాడు ఒక ఆడమనిషి కథను కొత్తగా పాట కట్టి ఆడించేది. ఊరందరికీ పురుడు పోసిన మంత్రసాని మీద ఒక ఏడు, చేను లాక్కోవడానికి వచ్చిన దొర బండికి అడ్డం పడుకున్న ముసలమ్మ మీద ఇంకో ఏడు. చరిత్ర పుస్తకాల్లో రాణులకే చోటు అంతంతమాత్రం, ఇక మనవాళ్లను మనం కాక ఎవరు తలుస్తారని ఆమె వాదన.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో ఆమె కన్ను సొంత ఇంటి మీదే పడింది. అత్త రాజక్క పడుచుతనంలో బొగ్గు గనిలో, వాళ్ల మాటలో బొగ్గు బాయిలో, గంపలు మోసింది. ఆడవాళ్లు కూడా బాయిలోకి దిగిన కాలమది. ఒకనాడు కప్పు కూలబోతుంటే రాజక్క ముందే పసిగట్టి తోటి ఆడవాళ్లను బయటపడేసిందని పక్కింటి గంగుబాయి చెప్పింది. ఆమెకు వాళ్లమ్మ చెప్పిందట. అత్తను అడిగితే మాత్రం పొయ్యి మీద పప్పు మాడుతున్నది చూడమని మాట మార్చేది. గొప్పలు చెప్పుకోవడం ఇష్టం లేదు కాబోలు అనుకుని దుర్గవ్వ గుట్టుగా పాట కట్టేసింది.

కట్టడం ఒక ఎత్తు, ఆడించడం ఒక ఎత్తు. బతుకమ్మ పాటను ఒకరు ఎత్తుకుంటే చుట్టూ తిరిగేవాళ్లు అందుకోవాలి. అందుకోకపోతే ఆ పాట అక్కడితో సరి, మళ్లీ ఏ ఏడూ దాన్ని ఎవరూ ముట్టుకోరు. పైగా బతికున్న మనిషి మీద పాటేమిటి, దిష్టి తగులుతుందని గంగుబాయి సణిగింది.

సద్దుల బతుకమ్మ సాయంత్రం క్వార్టర్ల ముందు తంగేడు, గునుగు పూల బతుకమ్మలు దించారు. రాజక్క మోకాళ్ల నొప్పులని గడప మీదే కూర్చుంది. దుర్గవ్వ పాట ఎత్తుకుంది.

"బొగ్గు బాయి లోపట్ల ఉయ్యాలో
గంప మోసె రాజక్క ఉయ్యాలో"

కాసేపు చప్పట్లే వినబడ్డాయి. తర్వాత ఒక గొంతు అందుకుంది, ఆ వెంటనే అందరూ అందుకున్నారు. దుర్గవ్వ కాళ్లు నేల మీద ఆనలేదు.

"కప్పు ఇరిగె సప్పుడూ ఉయ్యాలో
ముందు విన్న రాజక్కా ఉయ్యాలో"

"ఆపుండ్రి," అంటూ రాజక్క లేచింది. చప్పట్లు ఆగిపోయాయి. ముసలామె కుంటుకుంటూ వలయం మధ్యకు వచ్చింది.

"ముందు విన్నది నేను కాదు దుర్గా, ఓదెమ్మ. మమ్ముల ముందట తోలి ఆమె ఎనుక నిలవడ్డది. మల్ల రాలే. ఆ పేరు నోట్లకు వస్తే ఏడుపొస్తదని గిన్నేండ్లు జెప్పలే."

ఎన్నడూ పాట ఎత్తని మనిషి చప్పట్లు చరిచి, శ్రుతి లేని గొంతుతో ఎత్తుకుంది.

"ముందు విన్న మనిషీ ఉయ్యాలో
మా ఓదెమ్మ తల్లీ ఉయ్యాలో"

ఇప్పుడు అందుకోకపోతే ఓదెమ్మ పేరు రెండోసారి మట్టిలో కలుస్తుందని దుర్గవ్వకు తెలుసు. తన పాట చెడిందన్న బాధ ఎటు పోయిందో, గొంతు చించుకుని అందుకుంది. దిష్టి అన్న గంగుబాయి ఏడుస్తూనే అందుకుంది. చప్పట్ల హోరుకు కాలనీ మగవాళ్లు పరుగెత్తుకొచ్చి చూశారు.

మరుసటి ఏడు బతుకమ్మకు అత్తాకోడళ్లు లక్సెట్టిపేటలోని రాజక్క కూతురి ఇంటికి పోయారు. గోదావరి ఒడ్డున ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు "మా ఓదెమ్మ తల్లీ" అని పాడుతున్నారు. రాజక్క కోడలి చెయ్యి పట్టుకుని వాళ్లలోకి పరుగెత్తింది. మోకాళ్ల నొప్పుల సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.